జర్మనీకి పోతున్నా, అక్కడ చేయకూడని పనులేవో ముందే చెప్పండి

అలిపిరి మెట్టు (తిరుపతి) | జూలై 12

అందరికీ నమస్కారం. స్టుట్‌గార్ట్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది. సెప్టెంబర్ ఆఖర్లో ప్రయాణం. మాది బైరాగిపట్టెడ. ఇంతవరకు ఇల్లు వదిలి ఉన్నది చెన్నైలో రెండు నెలలే, అదీ పిన్ని వాళ్ళింట్లో. వీసా, బ్లాక్డ్ అకౌంట్, యూనివర్సిటీ కాగితాల సంగతి అడగడం లేదు. అవన్నీ ఇక్కడి పాత చర్చల్లో చదివేశాను. నా టెన్షన్ వేరే. పక్కింటివాళ్ళ దగ్గర, ప్రొఫెసర్ల దగ్గర, షాపుల్లో, బస్సుల్లో తెలీక ఏదో ఒకటి చేసేస్తానేమో అని. మా నాన్నకు గాంధీ రోడ్డులో షాపుంది, నలభై ఏళ్ళుగా రకరకాల యాత్రికులను చూసిన మనిషి. ఆయన మాట: "నవ్వుతా పలకరించమ్మా, ఎక్కడైనా అదే." మా పెదనాన్న కొడుకు అక్కడే ఉన్నాడు. వాడి మాట: "ఊరికే నవ్వొద్దు, ఎవరినీ పలకరించొద్దు."

ఎవరి మాట వినాలి? మీరు చేసిన తప్పులు చెప్పండి. సలహాలు వద్దు, తప్పులే కావాలి. "పది చిట్కాలు" వీడియోలు చూసి చూసి విసుగొచ్చింది.

నెకర్ ఒడ్డున సంకటి (స్టుట్‌గార్ట్, సొంతూరు చిత్తూరు) | జూలై 12

తల్లీ, సరిగ్గా నేనుండే ఊరికే వస్తున్నావు. తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నా. నా మొదటి తప్పు చెప్తా, నవ్వుకో.

అద్దెకు దిగిన మూడో వారం నా తలుపుకు ఒక చిన్న చెక్క పలక వేలాడుతోంది. దాని మీద ఏదో జర్మన్‌లో రాసుంది. మన "శుభ్ లాభ్" మాదిరి ఇంటి ఓనరు అలంకారానికి తగిలించాడేమో అనుకున్నా. మూడు రోజులు అట్లే ఉండింది. నాలుగో రోజు కింది అంతస్తు పెద్దాయన తలుపు కొట్టి, వేలితో పలకను చూపించి, మెట్లను చూపించి, ఒక్క మాటన్నాడు: "కేర్‌వోహె."

అంటే ఊడ్చే వారం. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల శ్వాబియా ప్రాంతమంతా ఉన్న ఆచారం ఇది. బిల్డింగులోని ఇళ్ళవాళ్ళు వంతులేసుకుని వారానికొకరు మెట్లు, నడవ, కొన్ని చోట్ల ఇంటి ముందు ఫుట్‌పాత్ కూడా శుభ్రం చేయాలి. పలక ఎవరి తలుపుకుంటే ఆ వారం వంతు వాళ్ళది. పని అయ్యాక దాన్ని తీసి పక్కింటి తలుపుకు తగిలించాలి.

ఇంతేనా, మా అమ్మ రోజూ తెల్లారి చేసేదే కదా అనుకున్నా. బకెట్ నిండా నీళ్ళు తెచ్చి మూడో అంతస్తు నుంచి ధారగా పోశా, చిత్తూరులో మిద్దె మెట్లు కడిగినట్టు. అవి చెక్క మెట్లు! నీళ్ళు పలకల సందుల్లోంచి కారి, కింద ఒకామె పెట్టుకున్న సైకిలు సీటు మీద, కట్ట కట్టి పెట్టిన పాత పేపర్ల మీద పడ్డాయి. పెద్దాయన బయటికి వచ్చాడు. తిట్టలేదు. లోపలికి పోయి రెండు పాత తువ్వాళ్ళు తెచ్చి, ఒకటి నా చేతిలో పెట్టి, రెండోది తను పట్టుకుని కింది మెట్టు నుంచి తుడవడం మొదలుపెట్టాడు. గంటసేపు ఇద్దరి మధ్యా మాట లేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఊడువు, తడిగుడ్డ పెట్టు. నీళ్ళు మాత్రం పోయకు.

కాణిపాకం కాఫీ (చిత్తూరు) | జూలై 12

హహహ, సైకిలు సీటు! అన్నా, నీకు ఇల్లు ఖాళీ చేయమని నోటీసు రాలేదా?

నెకర్ ఒడ్డున సంకటి | జూలై 12

రాలేదు. ఇంకో ఐదేళ్ళు అదే ఇంట్లో ఉన్నా. కానీ నా వంతు వచ్చిన ప్రతిసారీ పెద్దాయన తలుపు కొంచెం తెరిచే ఉండేది.

గ్రైండరమ్మ (మ్యూనిక్, సొంతూరు శ్రీకాళహస్తి) | జూలై 13

నా పేరు చూసే నా తప్పేంటో తెలిసిపోయుంటుంది.

మా ఆయన ఉద్యోగం మీద వచ్చాం, పెళ్ళైన కొత్త. పెట్టెలో చీరల కంటే ముందు టేబుల్ టాప్ గ్రైండర్ సర్దుకున్నదాన్ని. మొదటి ఆదివారం ఉదయం పప్పు నానబెట్టా, రాత్రి పదిన్నరకు గ్రైండర్ ఆన్ చేశా. మనింట్లో ఎప్పుడూ అంతే కదా, పనులన్నీ అయ్యాక పిండి రుబ్బి పెట్టుకుంటే తెల్లారేసరికి పొంగుతుంది. అది తిరుగుతుంటే కింది ఇంట్లో ఎవరో గోడకు డ్రిల్లింగ్ చేస్తున్నట్టు వినబడుతుందని నాకేం తెలుసు? నేల చెక్కది, రాయి బరువు, మోటారు అదురు, అంతా కిందికే పోతుంది.

పొద్దున లెటర్ బాక్సులో చీటీ. ముత్యాల్లాంటి అక్షరాలు. మా ఆయన ఫోన్లో ట్రాన్స్‌లేట్ చేసి చదివాడు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దంగా ఉండాలనీ, ఆదివారం రోజంతా కూడా అంతేననీ, నిన్న మీ ఇంట్లో ఏ మిషన్ పనిచేసిందో దయచేసి చెప్పగలరా అనీ రాసుంది. చివర సంతకం, ఇంటి నంబరు.

నాకు ఏడుపొచ్చింది. మనవాళ్ళ తెలివి ఉంది కదా, వెంటనే వడలు వేసుకుని ప్లేటు పట్టుకుని కిందికి పోయా. ఆమె తలుపు తెరిచింది, ప్లేటు తీసుకుంది, థాంక్స్ చెప్పింది. చెప్పి, "సరే, ఆ మిషన్ సంగతి?" అని అడిగింది. అప్పుడు అర్థమైంది నాకు. మన దగ్గరైతే వడల ప్లేటుతో గొడవ సమసిపోతుంది. ఇక్కడ వడలు వడలే, గ్రైండర్ గ్రైండరే.

ఇప్పుడు కింద మందపాటి రబ్బరు షీటు, దాని మీద మడిచిన దుప్పటి వేసి, శనివారం పగలు పదకొండింటికి రుబ్బుతా. ఆమె మళ్ళీ చీటీ రాయలేదు. వడలు ఎలా ఉన్నాయో కూడా ఇంతవరకు చెప్పలేదు, అది వేరే బాధ.

అలిపిరి మెట్టు | జూలై 13

అక్కా, ఆదివారం ఏమేం చేయకూడదు?

గ్రైండరమ్మ | జూలై 13

డ్రిల్లింగ్, సుత్తి దెబ్బలు, గడ్డి కోసే మిషన్, ఇవి అస్సలు వద్దు. గాజు సీసాలు వీధి చివరి డబ్బాల్లో వేయడం కూడా ఆదివారం, రాత్రిళ్ళు చేయకూడదు, పగిలే చప్పుడుకు. ఆ డబ్బాల్లో మళ్ళీ తెల్లవి, పచ్చవి, గోధుమ రంగువి వేరువేరు. నీలం సీసా వస్తే పచ్చదాంట్లో వేయాలి. వాషింగ్ మిషన్ సంగతి ఒక్కో బిల్డింగులో ఒక్కో రకం, మీ ఇంటి రూల్స్ కాగితం అడిగి తీసుకో. షాపులు మూసుంటాయి కాబట్టి శనివారమే పాలు, పెరుగు తెచ్చి పెట్టుకో. రైల్వే స్టేషన్లలో కొన్ని తెరిచుంటాయి.

కాణిపాకం కాఫీ | జూలై 13

ఇది ఇల్లా, ఐసీయూ వార్డా?

అసలు ఒక మాట అడుగుతా, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. అన్నీ మనమే మార్చుకోవాలా? వాళ్ళు మన దేశానికి వచ్చినప్పుడు నిక్కర్లేసుకుని గుడి ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. మనం "పాపం తెలీదులే" అంటాం. మనం పోతే మాత్రం చీటీలు! కడుపు నింపుకోను పిండి రుబ్బుకుంటే తప్పేంటి?

టమోటా మార్కెట్ (డాలస్, సొంతూరు మదనపల్లె) | జూలై 13

తమ్ముడూ, రాత్రి పదిన్నరకు నీ పక్కింట్లో బోరు వేస్తే ఏమంటావు?

కాణిపాకం కాఫీ | జూలై 13

మా వీధిలో వేశారన్నా. కుర్చీ వేసుకుని పోయి చూసినా. నీళ్ళు పడే దాకా కాఫీలు కూడా ఇచ్చారు.

లెక్కల సారు (తిరుపతి) | జూలై 14

నేను రిటైరై పన్నెండేళ్ళయింది. కాఫీ గారి ప్రశ్న మంచిదే, కానీ జవాబు మన కొండ మీదే ఉంది.

తిరుమలలో పూలన్నీ స్వామివే, భక్తులు తలలో పెట్టుకోకూడదు. మన ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కానీ తమిళనాడు నుంచి వచ్చే ఆడవాళ్ళు మూర మల్లెపూలు తురుముకుని బస్సు దిగుతారు. వాళ్ళ ఊళ్ళో పూలు లేకుండా గుడికి పోవడమే తప్పు. ఇక్కడ పెట్టుకోవడం తప్పు. ఎవరో ఒకరు చెప్తారు, వాళ్ళు తీసేస్తారు. "మా ఊరి ఆచారాన్ని అవమానించారు" అని ఎవరూ గొడవ పడగా నేను చూడలేదు. మాడ వీధుల్లో చెప్పులు వేసుకోకూడదనేదీ అంతే.

గత ఏడాది మా అమ్మాయి దగ్గరికి సింగపూర్ పోయి నేనూ తప్పు చేశా. అక్కడ హాకర్ సెంటర్లని పెద్ద పెద్ద భోజనశాలలుంటాయి. ఒక ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఒకటి పడి ఉంది. ఎవరో మరిచిపోయారని దాన్ని పక్కకు జరిపి కూర్చున్నా. ఐదు నిమిషాలకు ఒక కుర్రాడు ప్లేట్లతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఏమీ అనలేదు, ప్యాకెట్ వైపు చూశాడు. మన బస్సులో కిటికీలోంచి కర్చీఫు వేస్తాం చూడండి, అదే ఇది! ఆర్టీసీ బస్టాండులో నలభై ఏళ్ళు కర్చీఫులు వేసిన నాకు అది తట్టకపోవడం సిగ్గుచేటు. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, 2021 సెప్టెంబర్ నుంచి అది అక్కడ చట్టం. మెట్రో రైల్లో మంచినీళ్ళు తాగినా తప్పే, జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుందని బోర్డు పెట్టారు. నాకు షుగరు, నోరు ఎండిపోతుంది. మా అమ్మాయి సీసా నా చేతికి ఇవ్వకుండా దాచేసింది.

పీలేరు స్టీరింగ్ (కువైట్) | జూలై 14

సార్ చెప్పింది కరెక్ట్. మా పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వచ్చినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. నేను ఇంటి డ్రైవరుగా పద్నాలుగేళ్ళ నుంచి ఉన్నా. చదువుకున్నోళ్ళకు యూట్యూబ్ ఉంది, మా మాదిరి వాళ్ళకు ఎవరు చెప్పారు? విమానం దిగినంక తెలుసుకున్నదే.

వచ్చిన మొదటి నెల, యజమాని వాళ్ళ దివానియాలో, అంటే మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే హాల్లో, నాకూ ఖావా, అంటే అరబ్బుల కాఫీ, ఇచ్చారు. పిడికిట్లో పట్టేంత చిన్న కప్పు, పిడి ఉండదు. తాగేసి ఇచ్చినా. మళ్ళీ పోశారు. పెద్దవాళ్ళు పోస్తే వద్దనకూడదని తాగినా. మళ్ళీ పోశారు. అట్లా ఏడు కప్పులు. గుండె దడదడ, రాత్రంతా నిద్ర లేదు. మూడో వారానికి ఒక కేరళ ఆయన చెప్పాడు: చాలనుకుంటే కప్పును వేళ్ళతో ఇటూ అటూ ఊపి ఇవ్వాలి. ఊపకుండా ఇస్తే ఇంకా కావాలని అర్థం. పోసేవాడేమో వీడెంత తాగుబోతురా అనుకుంటున్నాడు, నేనేమో ఇంకెన్ని పోస్తార్రా అనుకుంటున్నా.

ఇది నవ్వుకునేది. నవ్వలేనిది ఇంకోటి. రంజాన్ నెలలో పగటిపూట బయట తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం ఇక్కడ చట్టప్రకారం నేరం. 1968 నాటి చట్టం, 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. మనం ఉపవాసం లేకపోయినా సరే. మా ఊరి కుర్రోడు ఒకడు కార్లో కూర్చుని నీళ్ళ సీసా ఎత్తినాడు. కారు సొంత జాగా అనుకున్నాడు. అద్దంలోంచి కనిపిస్తే బయటే. వాడిని ఆ పూట హెచ్చరించి వదిలేశారు, కానీ ఆ రోజు నుంచి రంజాన్ వస్తే ఎండలో కూడా నీళ్ళ సీసా సీటు కిందే పెడతాడు.

ఆడవాళ్ళ ఫోటోలు తీయొద్దు, వెనకాల సీను కోసం తీసినా సరే. యజమాని ఇంటి ఆడవాళ్ళు ఎదురైతే చూపు దించుకో. మందు అసలు దేశంలోనే నిషేధం. మన పెళ్ళిళ్ళ ఫోటోలు చూపిస్తే మాత్రం సంతోషంగా చూస్తారు, పిల్లలెందరని అడుగుతారు. జీతం ఎంతని వాళ్ళే అడుగుతారు, చెప్పినా ఏం కాదు.

గెంకాన్ చెప్పులు (ఒసాకా, సొంతూరు పుత్తూరు) | జూలై 14

స్టీరింగ్ అన్నా, ఖావా కథ చదివి ఆఫీసు రైల్లో పకపకా నవ్వేశా. ఇక్కడ రైల్లో అదే తప్పు. ఫోన్ సైలెంట్‌లో ఉండాలి, మాట్లాడకూడదు. అమ్మ ఫోన్ చేస్తే దిగి చేస్తా.

జపాన్‌లో నా తప్పు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. ఇంటి గుమ్మం దగ్గర గెంకాన్ అని ఒక మెట్టు పల్లంగా ఉంటుంది, చెప్పులు అక్కడే వదలాలి. అది మనకు అలవాటే, గర్వంగా వదిలా. లోపల స్లిప్పర్లు ఇచ్చారు, వేసుకున్నా. టాయ్‌లెట్‌కు పోతే అక్కడ వేరే స్లిప్పర్లున్నాయి, అవీ వేసుకున్నా. బయటికి వచ్చి వాటితోనే డైనింగ్ టేబుల్ దగ్గరికి పోయి కూర్చున్నా. మేనేజరు గారి ఇల్లు అది. ఆయన భార్య నా కాళ్ళ వైపు చూసి, పైకి చూసి, నవ్వింది. వాళ్ళ పాప మాత్రం ఉండబట్టలేక చెప్పేసింది. పిల్లలు ఏ దేశంలోనైనా పిల్లలే.

చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, అది చనిపోయినవాళ్ళకు పెట్టే తీరు. మనకు పిండం తెలుసు కదా, ఒక్కసారి చెప్తే జన్మలో మర్చిపోం. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కు ముక్క అందించొద్దు, అస్థికలు ఏరేటప్పుడు అట్లా అందిస్తారు. టిప్పు ఇవ్వొద్దు, చిల్లర మరిచిపోయారని రోడ్డు దాకా పరుగెత్తుకొస్తారు. ఎస్కలేటర్ మీద ఒసాకాలో కుడివైపు నిలబడతారు, టోక్యోలో ఎడమవైపు. ఒక దేశంలోనే ఇట్లా ఉంటే ఇంక మనమెంత!

టమోటా మార్కెట్ | జూలై 15

అమెరికా గురించి అడగలేదు కాబట్టి రెండే. "హౌ ఆర్ యూ" అంటే ప్రశ్న అనుకుని మొదటి వారం ఆఫీసులో నా నడుం నొప్పి సంగతంతా చెప్పా, వాళ్ళు నడుస్తూనే ఉన్నారు. రెండోది సీరియస్. వెనక పోలీసు లైట్లు వేస్తే పక్కకు ఆపి కార్లోనే ఉండు, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా పెట్టు. మన దగ్గర ట్రాఫిక్ ఆయన ఆపితే గౌరవంగా దిగి ఎదురెళ్తాం. అక్కడ దిగి ఎదురెళ్తే ఆయనకు భయం వేస్తుంది. నేను దిగా. ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కాణిపాకం కాఫీ | జూలై 15

సరే, ఒప్పుకుంటున్నా. లెక్కల సారు పూల మాట దగ్గరే నా నోరు మూయించారు. కానీ ఒక డౌటు. మనం పెరిగిందే "ఏమ్మా బాగుండావా, ఎన్నో నెల, అబ్బాయికి జీతమెంత, సొంతిల్లేనా" అనే పలకరింపుల్లో. అడక్కపోతే పొగరంటారు. అక్కడ అడిగితే ఏమంటారు?

గ్రైండరమ్మ | జూలై 15

జీతం, వయసు, బరువు, మతం, "పిల్లలెప్పుడు" అనేవి జర్మన్లను అడక్కు, బాగా దగ్గరైతే తప్ప. వాతావరణం, సెలవులకు ఎక్కడికి పోతున్నారు, సైకిలు, కుక్క, ఇవి అడుగు. కుక్క గురించి అడిగితే అరగంట మాట్లాడతారు.

మన దగ్గర ప్రేమ ఉందని చూపించడానికి దగ్గరికి జరుగుతాం. వీళ్ళు గౌరవం ఉందని చూపించడానికి కొంచెం దూరం జరుగుతారు. నేను రెండేళ్ళు దాన్ని పొగరనుకున్నా.

నెకర్ ఒడ్డున సంకటి | జూలై 15

మెట్టు చెల్లెమ్మా, నీ అసలు ప్రశ్నకు వస్తా: నాన్న మాటా, అన్న మాటా? బిల్డింగు మెట్ల మీద ఎదురైతే తప్పకుండా పలకరించు, మీ నాన్న గెలిచారు. డాక్టర్ వెయిటింగ్ రూంలోకి అడుగు పెట్టేటప్పుడు కూడా అందరికీ కలిపి ఒక నమస్కారం పెడతారు ఇక్కడ. రోడ్డు మీద తెలీనివాళ్ళను చూసి నవ్వితే మాత్రం "నీకు నేను తెలుసా" అన్నట్టు చూస్తారు, అక్కడ మీ అన్న గెలిచాడు.

ప్రొఫెసర్‌ను "జీ" అని పిలువు, అంటే మన "మీరు". "డు" అంటే "నువ్వు". "నువ్వు అనొచ్చు" అని పెద్దవాళ్ళే ముందు చెప్పాలి, మనంతట మనం మొదలుపెట్టకూడదు. తెలుగువాళ్ళకు ఇది చాలా సులువు, ఇంగ్లిష్‌లోనే పెరిగినవాళ్ళకు కష్టం. మన యాసలో "ఏం సార్, నువ్వు రాలేదా" అనే అలవాటు ఉంటే మాత్రం జాగ్రత్త :)

పుట్టినరోజుకు ముందే శుభాకాంక్షలు చెప్పకు, అపశకునం అనుకుంటారు. నేను మా బాస్‌కు శుక్రవారమే చెప్పేశా, ఆయన పుట్టినరోజు ఆదివారం. మొహం మాడిపోయింది. ఇంకోటి, ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే ఆఫీసుకు కేకు తేవాలి. నా పుట్టినరోజున నేను ఎదురుచూస్తూ కూర్చున్నా, వాళ్ళూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. సాయంత్రం దాకా.

ఎర్ర సిగ్నల్ ఉంటే రోడ్డు ఖాళీగా ఉన్నా దాటకు. జరిమానా 5 యూరోలే. పక్కన చిన్నపిల్లలుంటే వాళ్ళ తల్లి చూసే చూపు యాభై యూరోలు. టికెట్ లేకుండా రైలెక్కితే 60 యూరోలు, "తెలీదు" అనే మాట చెల్లదు. ఎర్ర రంగు ఫుట్‌పాత్ కనబడితే అది చాలాచోట్ల సైకిళ్ళది, దాని మీద నిలబడి ఫోన్ చూడకు, గంట కొట్టి మరీ తిడతారు.

గదిలో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి, ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి, చేరిన రోజే అడుగు. లెటర్ బాక్సు మీద నీ పేరు అతికించు. పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వేయడు. నా బ్యాంకు కార్డు రెండుసార్లు వెనక్కి పోయింది. రేడియో, టీవీ పన్ను అని నెలకు 18.36 యూరోల బిల్లు వస్తుంది. నా దగ్గర టీవీ లేదని నేను చించేశా, మూడు నెలలకు వడ్డించి పంపారు. అది టీవీకి కాదు, ఇంటికి. ఒక ఇంటికి ఒకటే కాబట్టి రూమ్మేట్స్‌తో పంచుకో.

అలిపిరి మెట్టు | జూలై 15

అన్నా, ఇదంతా ప్రింట్ తీసి నాన్నకు చూపించా. "మెట్ల మీద నేనే గెలిచినా" అని పొద్దున్నుంచి షాపులో అందరికీ చెప్తున్నారు.

ఖాళీ సీసాలు వెనక్కిస్తే డబ్బులిస్తారంట, నిజమేనా?

గ్రైండరమ్మ | జూలై 15

నిజమే. మన కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఆపేశాక గాజు సీసాకు డిపాజిట్ కట్టించుకుని, ఖాళీది ఇస్తే వెనక్కిస్తున్నారు కదా, అట్లాంటిదే. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్లు, బీరు సీసాకు 8. సూపర్ మార్కెట్‌లో మిషన్ మింగుతుంది, చీటీ ఇస్తుంది. నలిపేసి తేకు, మిషన్ గుర్తుపట్టదు. వీధి చెత్తబుట్ట పక్కన కింద సీసాలు పెట్టి ఉంటే, అవి ఏరుకుని బతికేవాళ్ళ కోసం. లోపల వేస్తే వాళ్ళు చెయ్యి పెట్టి వెతకాలి, అందుకని పక్కన పెడతారు.

లెక్కల సారు | జూలై 16

అమ్మాయీ, వంటింటి సరుకుల మాట. మీ అమ్మగారు మసాలా పొడుల్లో గసగసాలు వేస్తారేమో చూడు. నువ్వు పోయేది జర్మనీ కాబట్టి దానితో ఇబ్బంది లేదు, అక్కడ బేకరీల్లోనే వాడతారు. కానీ సింగపూర్, సౌదీ, యూఏఈ లాంటి చోట్ల గసగసాలు నిషేధం, మత్తుమందు కింద లెక్క. మా సింగపూర్ ప్రయాణానికి మా ఆవిడ కుర్మా పొడి కట్టింది. మా అమ్మాయి ముందు రోజు ఫోన్లో అడిగి తీయించింది, లేకపోతే ఈ వయసులో నేను...

పీలేరు స్టీరింగ్ | జూలై 16

సార్, గల్ఫ్ వైపు వచ్చేవాళ్ళందరికీ ఇది ఎయిర్‌పోర్టులోనే మైకులో చెప్పాలి. ఇంకోటి, ఊరినుంచి వచ్చేవాళ్ళు "మా అన్నకు ఇవ్వు" అని ఎవరో ఇచ్చిన పొట్లం విప్పి చూడకుండా తీసుకురావద్దు. మొహమాటం విమానాశ్రయం బయటే వదిలేయాలి.

గ్రైండరమ్మ | జూలై 16

ఒక ముఖ్యమైన విషయం, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. గుమ్మం ముందు ముగ్గులో స్వస్తిక్ వేయకు. కొత్త సైకిలుకో కారుకో పూజ చేసి కుంకుమతో వేసి బయట నిలపకు. నాజీల గుర్తును బహిరంగంగా చూపించడం జర్మన్ శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు. మనది వేరు, అర్థం వేరు, వేల ఏళ్ళ నాటిది. ఇది మనకు తెలుసు. దారిన పోయే ముసలామెకు తెలీదు, ఆమె ఇంట్లో ఎవరు ఏమయ్యారో మనకు తెలీదు. దేవుడి గూట్లో పెట్టుకో. మా తలుపు మీద తిరునామాలు అతికించుకున్నాం. అదేంటని అడిగితే ఊరి పేరు చెప్తాం.

కాణిపాకం కాఫీ | జూలై 16

ఈ ఒక్కదానికి మాత్రం నాకు మనసొప్పదక్కా. తప్పు వాళ్ళది, గుర్తు దాచుకోవాల్సింది మనమా?

గ్రైండరమ్మ | జూలై 16

నాకూ మనసొప్పలేదు తమ్ముడూ. అయినా వేయను.

వేదిక నిర్వాహకుడు | జూలై 16

స్వస్తిక్ మీద వచ్చిన ఇంకో పదకొండు పోస్టులు తీసేశాను. దాని చరిత్ర మీద వేరే చర్చ మొదలుపెట్టుకోండి. ఇక్కడ అమ్మాయి ప్రయాణం గురించే మాట్లాడండి.

టమోటా మార్కెట్ | జూలై 18

ఒకటి మరిచా. కోటు వంటింట్లో తగిలించకు. తిరగమోత వాసన ఉన్ని బట్టలకు పట్టుకుంటే నెల పోదు. మనకు తెలీదు, ఎదుటివాళ్ళకు తెలుస్తుంది. వంట మానాల్సిన పనిలేదు, కోటు పడగ్గదిలో పెట్టి తలుపు మూసుకుంటే చాలు.

నెకర్ ఒడ్డున సంకటి | జూలై 18

దానికి తోడు: చలికాలంలో కూడా రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదారు నిమిషాలు గాలి ఆడనివ్వాలి. లేకపోతే అన్నం ఆవిరికి, ఇంట్లో ఆరేసిన బట్టల తేమకు గోడ మూలల్లో బూజు నల్లగా పడుతుంది, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్లోంచి కోస్తారు. కిటికీ కొంచెం వాలుగా తెరిచి రోజంతా వదిలేయడం వేరు, అది చేయకు. గది చల్లబడుతుంది, తేమ పోదు.

అలిపిరి మెట్టు (స్టుట్‌గార్ట్) | డిసెంబర్ 7

అందరికీ మళ్ళీ నమస్కారం. వచ్చి పది వారాలైంది. అడ్రసు నమోదు అయింది. లెటర్ బాక్సు మీద నా పేరు పొడుగు ఎక్కువై చివరి రెండు అక్షరాలు మడత పెట్టి అతికించా, ఉత్తరాలు వస్తున్నాయి.

మీరెవరూ చెప్పని తప్పు ఒకటి చేశా. సూపర్ మార్కెట్‌లో బిల్లు వేసే ఆమె సరుకులు విసిరినట్టు పంపిస్తుంది, నేను మన షాపులో మాదిరి ఆమే సంచిలో వేసి ఇస్తుందని చేతులు కట్టుకుని నిలబడ్డా. వెనక ఆరుగురు. టమోటాలు బల్ల చివరి దాకా వచ్చి కింద పడ్డాయి. ఇప్పుడు సంచి ముందే విప్పుకుని ఉంటా, అలిపిరిలో లగేజి స్కానింగ్ దగ్గర నిలబడ్డట్టు.

నిన్న మా తలుపుకు పలక వచ్చింది!! ఈ ఫ్లాట్‌లో ముగ్గురం అమ్మాయిలం. మిగతా ఇద్దరికీ అదేంటో తెలీదు, నాకు తెలుసు. పై నుంచి కిందికి ఊడ్చి, తడిగుడ్డ పిండి పిండి తుడిచా. మొదటి అంతస్తు పెద్దామె తలుపు వారగా తెరిచి చూస్తూ ఉంది. గుటెన్ టాగ్ అన్నా. ఆమె కూడా అంది. తలుపు మూయలేదు. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "నీళ్ళు చల్లకుండా ఊడిస్తే అదేం ఊడ్చడమే, దుమ్మంతా పైకి లేస్తుంది" అని ఒకటే గోల. నెకర్ అన్న సైకిలు సీటు కథ చెప్తే అప్పుడు ఊరుకుంది.

నెకర్ ఒడ్డున సంకటి | డిసెంబర్ 7

భేష్ చెల్లెమ్మా. రైలింగ్ తుడిచావా?

అలిపిరి మెట్టు | డిసెంబర్ 7

రైలింగ్ కూడా తుడవాలా?!

గ్రైండరమ్మ | డిసెంబర్ 7

ఆమె తలుపు అందుకే మూయలేదమ్మా.